ఇద్దరి మాటయు యుక్తమే: సంఘమునందు వ్యక్తి స్థానము

పాఠ్యభాగము: సంఖ్యాకాండము 27:1–11, 36:1–12
తోడు పఠనము: సంఖ్యాకాండము 26:33, 52–56, యెహోషువ 17:3–6, అపొస్తలుల కార్యములు 15:1–31, రోమా 14వ అధ్యాయము
కంఠస్థము చేయవలసిన వచనము: ఫిలిప్పీయులకు 2:4

1. పట్టికలో ఎవరి పేరు?

2004 డిసెంబరు 26 ఆదివారము. క్రిస్మసు పండుగ మరునాటి ఉదయమున, సుమత్రా తీరమునొద్ద సముద్రగర్భమున మహాభూకంపము పుట్టెను. అచ్చటికి సమీపమున నున్న నికోబార్ దీవులను కొలది నిమిషములలోనే సముద్రము ముంచివేసెను. కార్ నికోబార్ దీవిలో గ్రామములన్నియు సముద్రపుటొడ్డుననే యుండెడివి. ఇండ్లు, దేవాలయములు, కొబ్బరితోటలు, పందులమందలు కొట్టుకొనిపోయెను. నికోబార్ జిల్లాలో 2001 జనగణన నాటికి 42,068 మంది యుండగా 2011 నాటికి 36,842 మంది మాత్రమే యుండిరి. ఈ రెండంకెల నడుమ ఆ యుదయము నిలిచియున్నది.

నీరు తీసిన పిమ్మట సహాయము వచ్చెను. సహాయముతోపాటు పట్టికలును వచ్చెను. మరణించినవారెవరు? వారి వారసులెవరు? కుటుంబ యజమాని పేరేమి? పరిహారము చెల్లింపవలసిన బ్యాంకు ఖాతా ఎవరిది? ప్రభుత్వపు లెక్కలో ఇవి న్యాయమైన ప్రశ్నలే. లెక్కలేని సహాయము బలవంతుని చేతికే పోవును. కాని కార్ నికోబార్ ప్రజలకు ఈ ప్రశ్నలు వింతగా తోచెను. ఏలయనగా అచ్చట కుటుంబమనగా భార్యాభర్తలును వారి పిల్లలును మాత్రమే కారు. అచ్చట కుటుంబమనగా ‘తుహెతు’. అనేక చిన్న కుటుంబములు ఒక పెద్ద క్రింద కూడి యుండునదే తుహెతు. భూమియు కొబ్బరితోటయు దానివి. వివాహమైన దంపతులు ఏ తుహెతులో నివసింపవలెనను సంగతియు ఇరుపక్షముల అవసరమును చూచి పెద్దలు నిర్ణయించెడివారు. వృద్ధుడు, విధవరాలు, తండ్రిలేని బిడ్డ, వీరిలో ఎవరును అచ్చట ఒంటరివారు కారు.

అట్టి చోట పరిహారము వ్యక్తుల పేరనే వచ్చెను. క్రొత్త గృహములు చిన్న కుటుంబమునకు ఒకటి చొప్పున వరుసలుగా కట్టబడెను. చేతికి రొక్కము వచ్చిన యువకుడు తన వాటా తనదనెను. వేయి అవసరములు కన్నులారా చూచుచున్న పెద్ద, వాటాలు వేసికొనినయెడల తుహెతు నిలువదనెను. వీరిలో ఎవరి మాట యుక్తము?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మోయాబు మైదానములలో, యొర్దానునొద్ద, సంఖ్యాకాండము ముగింపులో ఇదే ప్రశ్న ఒక పట్టికనుండియే పుట్టెను. ఆ ప్రశ్నకు లేఖనము ఇచ్చు ఉత్తరము చదువరులు తొందరపడి ఊహించు ఉత్తరము కాదు.

2. అయిదుగురు కుమార్తెలు

సంఖ్యాకాండము 26వ అధ్యాయము జనసంఖ్య పట్టిక. తెగలును వంశములును వరుసగా వ్రాయబడినవి. లెక్కింపబడినవారు ఇరువది ఏండ్లకు పైబడిన పురుషులు. అయినను 33వ వచనమున మనష్షే గోత్రపు సెలోపెహాదునొద్దకు వచ్చునప్పటికి పట్టిక యొక్కసారి ఆగును. అతనికి కుమారులు లేరు, కుమార్తెలే యుండిరి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను వారి పేర్లు అచ్చట వ్రాయబడినవి. లెక్కలోనికి రానివారి పేర్లు లెక్క నడుమనే నిలిచినవి. పిమ్మట, ఈ పేర్ల సంఖ్యను బట్టి దేశము పంచిపెట్టవలెనని ఆజ్ఞ వచ్చెను. పేరు ఉన్నవానికి భూమి. కుమారుడు లేని తండ్రి పేరు మీద భూమి లేదు.

అప్పుడు ఆ అయిదుగురు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద నిలిచిరి. వారి యెదుట మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజము ఉండిరి. ఒక వ్యక్తి సంఘము యెదుట ఇంతకంటె ఒంటరిగా నిలిచిన దృశ్యము ధర్మశాస్త్ర గ్రంథములలో అరుదు. వారి విన్నపమును గమనింపవలెను.

మొదట వారు తమ తండ్రి కోరహు సమూహములో చేరలేదని చెప్పిరి. ఇది పైకి అప్రస్తుతముగా కనబడును గాని, ఇదే వారి వాదమునకు పునాది. 16వ అధ్యాయములో కోరహు కూడ హక్కును గూర్చియే మాటలాడెను, సమాజమంతయు పరిశుద్ధమే యని వాదించెను. అతని మాటలు సర్వజనుల మేలు కోరు మాటలవలె వినబడెను గాని, అతడు కోరినది యాజకత్వము. సంఘము పేరట తన హెచ్చింపును కోరినవాడు కోరహు. ఈ కుమార్తెలు తమ పేరట మాటలాడినను తండ్రి పేరును వంశములో నిలుపుటకే కోరిరి. ఎదిరించు స్వరములన్నియు ఒకటి కావు. స్వరము ఎంత గట్టిగా నున్నదని గాక, అది దేనిని కోరుచున్నదని పరీక్షింపవలెను.

రెండవదిగా, తమ తండ్రి సహోదరులతోపాటు తమకును స్వాస్థ్యము కావలెనని వారు అడిగిరి. సహోదరులను విడిచి వేరొకచోట కాదు, వారి మధ్యనే. సంఘమును విడిచిపోవుటకు అనుమతి కోరుట వేరు, సంఘములో చోటు కోరుట వేరు. రెండవదానిని మొదటిదానిగా ఎంచి గద్దించు సంఘములు, లోపల నిలువగోరినవారిని తామే బయటికి త్రోయుచున్నవి.

మోషే ఏమి చేసెను? ఆచారమును చూపి వారిని పంపివేయలేదు. జాలిపడి అప్పటికప్పుడు తీర్పును చెప్పలేదు. వారి వ్యాజ్యెమును యెహోవా సన్నిధికి తీసికొనిపోయెను. నలువది సంవత్సరములు జనమును నడిపించిన నాయకుడు, తనకు తెలియని సంగతిని సర్వసమాజము యెదుట ఒప్పుకొనెను. ఉత్తరము స్పష్టముగా వచ్చెను: ఆ కుమార్తెలు పలికినది సరియైనది. వారి నిమిత్తము ఒక క్రొత్త కట్టడ ఇశ్రాయేలునకంతటికి ఏర్పడెను. అయిదుగురి విన్నపము జనాంగమునకు ధర్మమాయెను.

3. రెండవ విన్నపము

ఈ కథ ఇచ్చటనే ముగిసినయెడల ఆచారముపై వ్యక్తి గెలిచెనని బోధించి పాఠమును ముగింపవచ్చును. అనేక ప్రసంగములు ఇచ్చటనే ముగియుచున్నవి. కాని లేఖనము ముగింపలేదు. గ్రంథపు చివరి అధ్యాయమున అదే వంశపు పెద్దలు మోషేయొద్దకు వచ్చిరి. వారికిని ఒక చింత యుండెను. ఈ కుమార్తెలు వేరొక గోత్రపువారిని వివాహము చేసికొనినయెడల వారి భూమి ఆ గోత్రమునకు పోవును, సునాదకాలము వచ్చినను తిరిగి రాదు, గోత్రపు స్వాస్థ్యము తరిగిపోవును.

ఈ పెద్దలను దురాశాపరులుగా చిత్రించుట సులభము, న్యాయము మాత్రము కాదు. భూమి ఇశ్రాయేలులో వ్యాపారవస్తువు కాదు, ముందు తరముల కొరకు అప్పగింపబడిన నిక్షేపము. గోత్రము బలహీనమైనయెడల ఆ గోత్రపు దిక్కులేనివారికి ఆసరా పోవును. వారు పలికినది సంఘపు భయము, ఆ భయమునకు ఆధారము కలదు.

ఇక్కడ మూలభాషను ఎరిగినవారు ఒక సంగతిని గమనింతురు. 27:7లో కుమార్తెల మాటను గూర్చి హెబ్రీ మూలమున ‘కేన్’ అను చిన్న పదము వాడబడినది. అవును, నిజము, సరి అని దాని భావము. 36:5లో పెద్దల మాటను గూర్చియు అదే పదము, అదే వాక్యనిర్మాణముతో వాడబడినది. కుమార్తెలు పలికినది ‘కేన్’. గోత్రికులు పలికినది ‘కేన్’. అనువాదకుడు ఒకచోట ఒక మాటయు, మరియొకచోట వేరొక మాటయు వాడినయెడల చదువరికి ఈ జంట కనబడకపోవచ్చును. ఎదురెదురుగా నిలిచిన రెండు విన్నపములకు దేవుడు ఒకే ముద్రను వేసెను.

అంతమాత్రమున రెండు విన్నపములును పూర్తిగా నెరవేరలేదు. పెద్దలు వచ్చినందున కుమార్తెలకిచ్చిన స్వాస్థ్యము రద్దు కాలేదు. అది వారిదే. అయితే వారి స్వేచ్ఛకు ఒక హద్దు ఏర్పడెను: తమ యిష్టమువచ్చినవారిని వివాహము చేసికొనవచ్చును, కాని తమ తండ్రి గోత్రపు వంశములోనే. ఇష్టమును హద్దును ఒకే వాక్యమున ఉంచబడినవి. కుమార్తెలు ఆలాగే చేసిరి. యెహోషువ 17వ అధ్యాయమున వారు మరల వచ్చి తమ వంతును అడిగిరి, పొందిరి. వాగ్దానము చెప్పబడిన దినము వేరు, అది చేతికి వచ్చిన దినము వేరు. ఆ మధ్యకాలమంతయు వారు సంఘముతోనే నడిచిరి.

ఈ కట్టడ చరిత్రలో మరియొక మెట్టు కలదు. గోత్రములోనే వివాహమను ఆ నియమము దేశమును పంచుకొనిన ఆ తరమునకే చెందినదని తల్మూదు పండితులు వివరించిరి. గోత్రములు ఒకదానితో నొకటి వియ్యమందుటకు అనుమతి దొరికిన దినమని చెప్పి ఆబ్ మాసపు పదునైదవ దినమును యూదులు సంతోషదినముగా ఎంచిరి. అనగా స్వాస్థ్యపు హక్కు నిలిచెను, తాత్కాలికమైన హద్దు తొలగెను. ఏ నియమము నిత్యమైనది, ఏది ఒక తరపు అవసరమునకు చెందినది అని వివేచించుట సంఘపెద్దల పనియే గాని, సంఘమును ధిక్కరించుట కాదు.

4. యూదుల ఆరాధన నేర్పు పాఠము

ఈ సమతూకమును యూదులు సిద్ధాంతముగా మాత్రమే గాక దినచర్యగా అభ్యసించుచు వచ్చిరి. సమాజప్రార్థనలోని కొన్ని భాగములకు పదిమంది కూడవలెనని వారి నియమము. సంప్రదాయ సమాజములలో ఈ పదిమందియు పురుషులే, కొన్ని ఆధునిక సమాజములు స్త్రీలను గూడ లెక్కించుచున్నవి. ఎంత పండితుడైనను తొమ్మిదిమంది పండితులు పదిమంది కారు, పదియవవాడు పామరుడైనను సంఖ్య పూర్తియగును. ఒక్కని రాక అందరి ప్రార్థనను సాధ్యపరచును. సంఘము వ్యక్తికి ఎంత అవసరమో, వ్యక్తి సంఘమునకు అంత అవసరము.

వారి ప్రధాన ప్రార్థన నిలుచుండి చేయబడునది. మొదట ఎవరికి వారు పెదవులు మాత్రము కదలునట్లు మెల్లగా పలికెదరు. పిమ్మట నాయకుడు అదే ప్రార్థనను అందరి పక్షమున బిగ్గరగా పలుకును. మొదటిది లేక రెండవది సరిపోదు. అయితే ఒంటరిగా పలుకునప్పుడును దానిలోని మనవులు ‘మేము’ అనియే యుండును.

పెద్దల మాటలలోను ఈ రెండు ప్రక్కలును కనబడును. సమాజమునుండి వేరుపడవద్దని హిల్లేలు బోధించెను. తన పక్షమున తానే నిలువనియెడల ఎవరు నిలుతురు, తనకొరకే బ్రదికినయెడల తానేపాటివాడు అను భావముగల ప్రశ్నలు వేసినవాడును ఆ హిల్లేలే. అతని శిష్యులకును షమ్మయి శిష్యులకును ఎన్నో విషయములలో భేదమున్నను, ఒకరి కుటుంబములతో ఒకరు వియ్యమందుట మానలేదని మిష్నా చెప్పుచున్నది. అధికసంఖ్యాకుల తీర్పే ఆచరణలో నిలుచును, అయినను ఒంటరివాని అభిప్రాయమును మిష్నాలో వ్రాయబడియున్నది. రాబోవు తరపు న్యాయసభ దానిని ఆధారముగా చేసికొనవచ్చునని ఆ గ్రంథమే కారణము చూపుచున్నది. ఈనాడు ఓడిన మాట రేపటికి అవసరము కావచ్చును గనుక దానిని కొట్టివేయక భద్రపరచిరి.

తెలుగు చదువరికి ఇక్కడ ఒక మేలు కలదు. ఆంగ్లమున ఏకవచన బహువచనములకు ఒకే సర్వనామము. తెలుగున హెబ్రీలోవలెనే ‘నీవు’ వేరు, ‘మీరు’ వేరు. సీనాయి కొండయొద్ద జనాంగమంతయు నిలిచియుండగా పది ఆజ్ఞలు ‘నీవు’ అని ఒక్కొక్కరిని పిలిచినవి. లేవీయకాండము 19వ అధ్యాయము ప్రారంభమున పరిశుద్ధులై యుండుడను పిలుపు ‘మీరు’ అని అందరిని కలిపి పిలిచినది. గుంపులో దాగుకొనువానిని ‘నీవు’ బయటికి తెచ్చును, ఒంటరిగా పరిశుద్ధుడు కాగలననుకొనువానిని ‘మీరు’ లోపలికి తెచ్చును.

ఆంధ్రదేశముననే ఈ సమస్యతో జీవించుచున్న ఒక చిన్న సమాజము కలదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో మాదిగ కులమునకు చెందిన కొన్ని కుటుంబములు, పూర్వము క్రైస్తవులుగా నుండి, 1980ల చివరినుండి యూదాచారములను అనుసరింపసాగిరి. తాము యోసేపు కుమారుడైన ఎఫ్రాయిము సంతతివారమని, బెనే ఎఫ్రాయీములమని వారు చెప్పుకొందురు. విశ్రాంతిదినమును పాటించి హెబ్రీ ప్రార్థనలను నేర్చుకొనిరి. లోకమందలి యూదులతో ఒకటి కావలెనన్న వారి ఆచారములతో ఏకరీతి కావలెను. తమ పితరులనుండి వచ్చిన తెలుగు జ్ఞాపకములను, కులము మోపిన అవమానమును జయించిన తమ సొంత కథను విడువరాదన్న తమ ప్రత్యేకతను కాపాడుకొనవలెను. వారి సిద్ధాంతముతో ఏకీభవింపని క్రైస్తవుడును వారి ప్రశ్నను చులకన చేయలేడు. సువార్త తెలుగు పల్లెలకు వచ్చినప్పుడు అతని పితరులును ఇదే ప్రశ్నను ఎదుర్కొనిరి.

5. ముస్ గ్రామపు బాలుడు

తిరిగి కార్ నికోబార్‌నకు రావలెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున వేదప్పన్ సొలొమోను అను తమిళ క్రైస్తవుడు ఆ దీవిలోని ముస్ గ్రామమున బడి పెట్టెను. ఆ గ్రామమున 1884లో జన్మించిన ఒక బాలుడు ఆ బడిలో చేరి, పిమ్మట చదువు నిమిత్తము బర్మాదేశపు మాండలేకు పంపబడెను. అతడే జాన్ రిచర్డ్‌సన్. తుహెతు తప్ప వేరు లోకము లేని దీవినుండి ఒక బాలుడు ఒంటరిగా సముద్రము దాటిపోవుట ఆ దినములలో సామాన్యము కాదు. అతడు వెలుపలి భాషను, వెలుపలి విశ్వాసమును నేర్చుకొనెను. అచ్చటనే ఉండిపోయినయెడల ఒక మనుష్యుడు వృద్ధిపొందెడివాడు. అతడు తిరిగి వచ్చి ఉపాధ్యాయుడుగాను ఉపదేశకుడుగాను తన ప్రజలమధ్య జీవించెను.

సంఘము అనేక సంవత్సరములు చిన్నదిగానే యుండెను. 1942లో జపాను సేనలు ఈ దీవులను ఆక్రమించుకొనిన తరువాత గొప్ప శ్రమ వచ్చెను. గూఢచారులన్న నిందతో నికోబారీయులలో అనేకులు హింసింపబడి చంపబడిరి. రిచర్డ్‌సన్‌కు గూడ మరణము నిర్ణయింపబడెను గాని 1945లో జపాను లొంగిపోవుటచేత అతడు బ్రదికెను. యుద్ధము ముగిసిన పిమ్మట కార్ నికోబార్ గ్రామములు గుంపులు గుంపులుగా క్రీస్తును అంగీకరించెను. పెద్దలు కూడి ఆలోచించిరి, తుహెతులు కలిసి నిర్ణయించుకొనెను. బాప్తిస్మము ఒక్కొక్కరికి ఇయ్యబడెను గాని నిర్ణయము ఒక్కరిది కాదు. ఒక్కొక్కని మారుమనస్సునకే అలవాటుపడిన పాశ్చాత్య బోధకునికి ఇది కొరతగా కనబడవచ్చును. కాని ఫిలిప్పీ చెరసాల నాయకుడును అతని యింటివారందరును ఒకే రాత్రి బాప్తిస్మము పొందిరని లూకా వ్రాసినప్పుడు అది కొరత యని ఎంచలేదు.

రిచర్డ్‌సన్ 1950లో బిషప్పుగా అభిషేకింపబడెను. 1952లో మొదటి లోకసభకు ఆ దీవుల పక్షమున నియమింపబడెను. క్రొత్త నిబంధన 1950లోను, పరిశుద్ధ గ్రంథమంతయు 1969లోను కార్ నికోబార్ భాషలో వెలువడెను. ఆ అనువాద కార్యమునకు ప్రధాన కర్త అతడే. 1978లో అతడు నిద్రించెను. ఒంటరిగా వెళ్లినవాడు తెచ్చిన వాక్యము ఊరంతయు కలిసి చదువు వాక్యమాయెను. అతని ప్రత్యేకతను దీవి అణచివేయలేదు, ఆ ప్రత్యేకతను అతడు దీవినుండి దాచుకొనలేదు.

ఆ వాక్యమును చదివిన ప్రజలే సునామీ తరువాత పట్టికల యెదుట నిలిచిరి. వారి నాయకులు ఆహారపు మూటలకంటె తమ చేతులతో తాము తిరిగి కట్టుకొనుటకు పనిముట్లు ఇమ్మని కోరిరి. అది సంఘపు ఆత్మగౌరవము పలికిన మాట. అదే కాలమున, వ్యక్తి పేరట వచ్చిన రొక్కము అనేక తుహెతులలో వాటాల వివాదములకు తావిచ్చెను. తన పేరట ఖాతాగల విధవరాలు తన బిడ్డల చదువుకు ఎవరిని యాచింపనక్కరలేదని సంతోషించినయెడల ఆమె మాట ‘కేన్’. ఖాతా లేని వృద్ధురాలిని రేపు ఎవరు పోషింతురని తుహెతు పెద్ద అడిగినయెడల అతని మాటయు ‘కేన్’. పట్టికకు రెండు గడులు లేకపోవుటయే కష్టము. ఆ రెండవ గడిని వ్రాయవలసినది సంఘమే.

అండమాన్ నికోబార్ దీవులలో తెలుగువారు తక్కువేమియు కారు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు నూటికి సుమారు పదుముగ్గురు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లేయరులో, జంగ్లీఘాట్ వంటి చోట్ల, ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చిన బెస్తకుటుంబములు తరతరములుగా జీవించుచున్నవి. ఊరినుండి దూరమైనవాడు రెండు శోధనలలో పడును. ఊరి కట్టు వదలినదని విచ్చలవిడిగా తిరుగుట ఒకటి. ఊరిలో మారిపోయిన ఆచారమును దూరదేశమున రాతిలో చెక్కి తన పిల్లలపై మోపుట రెండవది.

6. అపొస్తలుల మార్గము

యెరూషలేము సభలో (అపొ. కార్య. 15) ఇదే ‘కేన్’ రెండుమార్లు వినబడును. అన్యజనులనుండి వచ్చినవారు యూదులు కానక్కరలేదన్న మాట నిలిచెను. అయితే యూదా సహోదరులతో ఒకే బల్లయొద్ద కూర్చుండునట్లు కొన్నిటిని విసర్జింపుడని వారిని కోరుటయు నిలిచెను. భారము తొలగెను, ప్రేమ కోరిన హద్దు ఏర్పడెను.

రోమా 14వ అధ్యాయమున పౌలు భోజనమును గూర్చియు దినములను గూర్చియు భేదపడినవారితో మాటలాడెను. ఒకరినొకరు ఒకే మూసలో పోయుడని అతడు చెప్పలేదు. ప్రతివాడు తన మనస్సులో నిశ్చయపరచుకొనవలెననెను. అదే శ్వాసలో, తన స్వేచ్ఛ సహోదరునికి అడ్డురాయి కాకూడదనెను. గమనింపుడి: బలవంతుడే తగ్గవలెనని పౌలు కోరెను. అధికారముగలవారు బలహీనులను తగ్గుమనుట సమతూకము కాదు.

అయితే పౌలు అంతట తగ్గలేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భుజించుట మానినప్పుడు అందరి యెదుట అతనిని ఎదిరించెను (గలతీ 2:11–14). ఆచారభేదమునకు తగ్గిన పౌలు, సహోదరుని బల్లనుండి లేపివేయు ఏకరీతికి తగ్గలేదు. సంఘమును కాపాడు కట్టు వేరు, సంఘములో ఒకనిని లేనివానిగా చేయు కట్టు వేరు.

7. ఇంటిలోనే పరీక్ష

ఈ పాఠమును దూరపు దీవిలో విడిచిపెట్టుట సులభము. తెలుగు క్రైస్తవ కుటుంబమున సెలోపెహాదు కుమార్తెలు నేటికిని ద్వారమునొద్దనే నిలిచియున్నారు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారునికిని కుమార్తెకును సమాన భాగము కలదు. అయినను కట్నమిచ్చితిమి గదా అని చెప్పి, కుమార్తెచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించు గృహములు ఎన్ని లేవు? ఆమె సంతకము చేయును. పుట్టింటి ద్వారము మూయబడునేమోనని భయపడి చేయును. దానిని సమాధానమని పిలుతురు. సంఘపెద్దలు సాక్షులుగా సంతకము చేసి కాఫీ త్రాగి వెళ్లుదురు.

రెండవ ప్రక్కయు కలదు. సమాన భాగము పుచ్చుకొని పట్టణమునకు పోయిన కుమారుడు గాని కుమార్తె గాని, ముసలితల్లి పోషణను పల్లెలో మిగిలిన ఒక్కరిమీద విడిచినయెడల, ఆ మిగిలినవాని ఫిర్యాదు కూడ ‘కేన్’. స్వాస్థ్యము అడిగినవారు గోత్రపు భారమును గూడ అడిగి పుచ్చుకొనవలెను.

అట్టి వివాదము వచ్చినప్పుడు మోషే నడచిన త్రోవ నేటికిని తెరచియే యున్నది. మొదట, ఒంటరిగా వచ్చినవారికి ద్వారమునొద్ద, అందరి యెదుట, పూర్తిగా మాటలాడుటకు సమయమియ్యవలెను. రహస్యమున బుజ్జగించి పంపుట వినుట కాదు. పిమ్మట, ఆ మాట కోరహు మాటయా, కుమార్తెల మాటయా యని, అనగా వేరగుటకా చేరుటకా యని విచారింపవలెను. ఆ తరువాత తెలియని సంగతిని తెలియదని ఒప్పుకొని ప్రార్థింపవలెను. తీర్పు దొరకిన పిమ్మట ఎదుటి పక్షపు భయమును గూడ అంతే శ్రద్ధతో వినవలెను. మొదటి తీర్పును రద్దుచేయుటకు కాదు, దానిని అందరును మోయగలుగునట్లు చేయుటకు. చివరకు, ఏర్పరచిన హద్దు ఏ తరమునకు చెందినదో మరువకుండ వ్రాసియుంచవలెను.

సంఖ్యాకాండము గొప్ప యుద్ధముతో గాని అద్భుతముతో గాని ముగియలేదు. ఒక కుటుంబపు ఆస్తి వివాదముతో ముగిసినది. వాగ్దానదేశమునకు ఎదురుగా, యొర్దానునొద్ద, దేవుని ప్రజలు చివరిగా నేర్చుకొనిన పాఠమిది. ఒక్కని పేరు చెరిపివేయక, ఒక్క గోత్రమును చీల్చక దేశమును పంచుకొనుట నేర్చినవారే యొర్దాను దాటిరి.

ఆలోచించి చర్చించుటకు ప్రశ్నలు

1. కోరహు విన్నపమునకును సెలోపెహాదు కుమార్తెల విన్నపమునకును గల భేదములను లేఖనమునుండి చూపుడి.
2. మీ సంఘమున నిత్యమైన కట్టడగా ఎంచబడుచున్నను, నిజముగా ఒక తరపు అవసరమునుండి పుట్టిన నియమమేదైన కలదా?
3. రోమా 14 ప్రకారము మీ సంఘమున ‘బలవంతులు’ ఎవరు? వారు దేనిలో తగ్గవలెను?
4. మీ కుటుంబమున ఎవరిచేతనైనను భయముచేత సంతకము చేయించుట జరిగెనా? దానిని ఇప్పుడు సరిదిద్దుటకు ఏమి చేయవచ్చును?
5. కార్ నికోబార్ తుహెతునుండి తెలుగు సంఘము నేర్చుకొనవలసినదేమి? ఆ తుహెతులోని విధవరాలి మాటనుండి నేర్చుకొనవలసినదేమి?

ప్రార్థనాంశము: సంఘమున ఒంటరిగా నిలిచి మాటలాడువారి కొరకును, వారి మాట వినవలసిన పెద్దల కొరకును, సునామీ తరువాత తమ తుహెతులను తిరిగి నిలువబెట్టుకొనుచున్న నికోబార్ సహోదర సహోదరీల కొరకును ప్రార్థించుడి.